రచయిత: అన్నోన్

మంథని నుంచి పెద్దపల్లి ఒక బస్సు, పెద్దపల్లి నుంచి కరీంనగర్ ఇంకో బస్సు, దారి పొడుగునా వాన. గొడుగు సంగతే గుర్తుకు రానంత కోపంలో ఇల్లు వదిలింది సృజన. బస్టాండు వెనక గల్లీలో ఉన్న డీటీపీ సెంటర్ మెట్లెక్కేసరికి చున్నీ కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళలో మాత్రం నిప్పులే.

లోపల ఒక్కడే ఉన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళిపత్రికలో వినాయకుణ్ణి కుడికి జరపాలా ఎడమకు జరపాలా అని తెగ ఆలోచిస్తున్నాడు.

"భానుప్రసాద్ అంటె ఎవలు?"

"నేనే మేడం. కూసోండ్రి. లగ్గం పత్రికనా, జిరాక్సా?"

"దొంగతనం."

సృజన తన ఫోన్ తీసి కీబోర్డు మీద టప్పున పెట్టింది. ఆ దెబ్బకి వినాయకుడు పత్రిక దాటి ఎటో వెళ్ళిపోయాడు.

ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ స్టోరు పేజీ ఉంది. అట్ట మీద ఒంటె, ఖర్జూరపు చెట్టు. 'మస్కట్ దుప్పటి, తెలుగు ఈబుక్' అని పెద్ద అక్షరాలు. పక్కన కొనండి అని పసుపుపచ్చ బటన్. కింద చిన్న అక్షరాల్లో 'రచయిత: అన్నోన్'.

"చదివిన్రా? అన్నోన్! మూడేండ్లు తిరిగి రాసిన. నేను అన్నోనా?"

ఈ అమ్మాయికి కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, తర్వాతే మాట వస్తుంది. భానుకి ఆ సంగతి అప్పటికి తెలియదు. ఇప్పుడు బాగా తెలుసు.

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీరు సృజన మేడమా?"

వాళ్ళిద్దరూ అంతకుముందు కలుసుకోలేదు. కానీ పరిచయం లేదనడానికీ లేదు. కరీంనగర్‌లో రిటైరైన తెలుగు పంతులు సదానందం సార్ ఏడాదికొక పుస్తకం వేస్తాడు. పోయినేడు సృజన రాతప్రతి తెచ్చి భాను చేతిలో పెట్టాడు. భాను కంపోజ్ చేసిన ప్రూఫులు బస్సు పార్సిల్‌లో మంథని వెళ్ళేవి, దిద్దుకుని తిరిగొచ్చేవి. మార్జిన్‌లో అతనిది పెన్సిల్, ఆమెది ఎర్ర పెన్ను.

'మేడం, నాలుగో కథలో మేకను అమ్మేసిన్రు. రెండు పేజీల తర్వాత మళ్ళ మేస్తుంది. చూడగలరు' అని పెన్సిల్.

'అది వేరే మేక' అని ఎర్ర పెన్ను.

'గట్లయితే దానికొక పేరు పెట్టుండ్రి.'

తర్వాతి ప్రూఫులో 'మేకను తీసేశాను. థాంక్స్' అని వచ్చింది. ఆ పెన్సిల్ ఎవరో సోడాబుడ్డి కళ్ళద్దాల పెద్దాయనదని సృజన అనుకుంది. ఎదురుగా ఉన్నవాడికి మీసాలే పూర్తిగా కుదురుకోలేదు. కోపంలో ఆ ఆశ్చర్యాన్ని పక్కన పెట్టింది.

"ఫైలు ఎవలి దగ్గరున్నది?"

"నా దగ్గర."

"సదానందం సార్ దగ్గర లేదా?"

"సార్‌కు కంప్యూటర్ ఆన్ చెయ్యనే రాదు మేడం."

"మరి అమ్మింది ఎవలు? మీ మీద నేను అనుమానపడొద్దంటె ఇంకెవలి మీద పడాలె?"

భానుకి చురుక్కుమంది. ఫోన్ తీసుకుని నమూనా పేజీలు తెరిచాడు. రెండు పేజీలు తిప్పేసరికి అతని ముఖం తేరుకుంది.

"ఇది నా ఫైలు గాదు. ఫైలైతె తెల్లగ, సాపుగ ఉంటది. గివి అచ్చయిన పుస్తకాన్ని తీసిన ఫోటోలు. జర చూడుండ్రి, పేజీ వంగింది గదా. మూలకు గీ పసుపు మరకేంది? ప్రతి పేజీకి ఉన్నది."

సృజన చూసింది. ముక్కు మీది ఎరుపు మెల్లగా దిగింది.

కొత్తది ఏది ఇంట్లోకొచ్చినా, బండైనా బీరువా అయినా, పసుపు పెట్టనిదే సృజన తల్లి సత్తమ్మ ముట్టనివ్వదు. పుస్తకాల మొదటి కట్ట వచ్చిన రోజు, అట్టకి పెడితే బొమ్మ పాడవుతుందని కూతురు లొల్లి చేస్తే, మూసిన పుస్తకం మూలలకి తడి పసుపు రుద్దింది. అట్లా పదకొండు పుస్తకాలు. మిగతావి సార్ ఇంటి నుంచే అమ్మకానికి పోయాయి.

"పసుపు పెట్టినయి పదకొండే. అందుల ఒకటి మీకు గూడ పంపిన" అంది, గొంతు తగ్గించకుండానే.

భాను డ్రాయర్ తెరిచి పాలిథిన్ కవర్‌లో చుట్టిన పుస్తకం తీశాడు. "ఇగో. బోథ్ నుంచి మా అక్క వచ్చి అడిగినా ఇయ్యలే. ఇచ్చిన పుస్తకం తిరిగొస్తదా ఎక్కడన్న?"

"ఇయ్యలేదని నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకుండ్రి. వెతుకుదాం."

అతను తన సొంత ఖర్చుతో ఆ దొంగ పుస్తకాన్ని కొన్నాడు. కొంటున్నందుకు పళ్ళు నూరుకుంటూనే కొన్నాడు. తర్వాత పెద్ద తెర మీద ఒక్కొక్క పేజీ తిప్పుతూ పోయాడు. బయట వాన రేకుల మీద దడదడలాడుతోంది. సృజన అతని వెనక నిలబడి తడి చున్నీ పిండుకుంటోంది. అరగంట ముందు దొంగ అన్నవాణ్ణే ఇప్పుడు 'ఆగండ్రి, మళ్ళ వెనకకు పోండ్రి' అని ఆజ్ఞలిస్తోంది.

నలభై ఏడో పేజీ దగ్గర ఆగాడు. పేజీ అంచున, ఫోటోలోకి కొంచెం వచ్చేసి, ఒక బొటనవేలు. గోరు కింద చిన్న పచ్చబొట్టు చుక్క.

"ఇది నా వేలు గాదు. కావాలంటె చూసుకోండ్రి" అని రెండు చేతులూ చాపాడు.

సృజన అతని చేతుల వైపు చూడలేదు. ఆ వేలు ఆమెకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. జ్వరమొచ్చినప్పుడల్లా నుదుటి మీద పడిన వేలు అది.

"ఏమైంది మేడం?"

"మా అవ్వ" అంది. తల్లి సత్తమ్మ వేలు అది.

భాను కుర్చీ జరిపాడు. సృజన కూలబడింది. అప్పుడు చెప్పింది, ఎందుకింత కోపమో.

ఆ పుస్తకంలోవి పదకొండు కథలు, పదకొండు ఇండ్లవి. మొగుడు గల్ఫ్‌లో, తాను ఊళ్ళో. అత్తగారి మాటలు, రాని ఫోన్లు, వచ్చిన దుప్పట్లు. ఏ ఆడమనిషీ ఊరికే చెప్పలేదు. 'మా పేర్లు వద్దు బిడ్డా, నీ పేరుండాలె. ఎవలన్న అడిగితె జవాబు నువ్వు చెప్పాలె' అని ఒట్టు వేయించుకుని చెప్పారు. ఇప్పుడు పేరు లేని పుస్తకం ఫోన్లలో తిరుగుతోంది. పేరు లేని కథ చాడీ అయిపోతుంది. ఇది ఫలానా ఇంటిదట, అది ఫలానా ఆమెదట అని గుసగుసలు మొదలయ్యాయి.

"నిన్న పోశవ్వ చిన్నమ్మ మా ఇంటికొచ్చింది. గడప దాటి లోపలికి రాలే. 'మమ్ముల బజాట్ల నిలబెట్టి నువ్వు నీ పేరు తీసుకుని తప్పుకున్నవా బిడ్డా?' అన్నది. నేను ఏం చెప్పాలె? పైసలు ఎవడన్న తినుకోనీ. నా పేరు నాక్కావాలె. లేకుంటె ఆ పుస్తకం అక్కడ ఉండొద్దు."

భాను కంప్యూటర్ ఆపి షట్టర్ తాళం తీసుకున్నాడు.

"ఎటు పోతున్నరు?"

"మంథని. అసలు ఫోటోలు మీ అవ్వ ఫోన్ల ఉంటయి గదా. అవే మన సాక్ష్యం."

"లగ్గం పత్రిక?"

"లగ్గానికి ఇంక నెల ఉన్నది. వినాయకుడు ఏమనుకోడు."

పెద్దపల్లి బస్సులో కిటికీ అద్దం మూసుకోవడం లేదు. జల్లు భాను భుజం మీదే పడుతోంది, అతను కదలడం లేదు. సుల్తానాబాద్ దాటాక సృజన తన బ్యాగు తీసి కిటికీకి అడ్డం పెట్టింది.

"దొంగ అన్న. తప్పయింది" అంది, ఎటో చూస్తూ.

"ప్రూఫ్‌ల తప్పు పడుతది. దిద్దుకుంటె అయిపాయె."

ఆమె నవ్వింది. మూడు ప్రూఫుల తర్వాత ఆ నవ్వు చూడటం భానుకి మొదటిసారి. ఆ నవ్వు కోసం ఇంకో రెండు గంటలు తడిసేవాడు. పెద్దపల్లి మరీ దగ్గరైపోయింది.

మంథనిలో గడప దగ్గర అతనికి పెద్ద చిక్కొచ్చి పడింది. సత్తమ్మ ఎదురొచ్చి "ఎవలు బిడ్డా?" అంది. వరస పెట్టి పలకరించాలి. చిన్నమ్మా అంటే సృజన చెల్లెలవుతుంది. పెద్దమ్మా అన్నా అదే ప్రమాదం. అక్కా అనడానికి ఆమెది తల్లి వయసు. ఆంటీ అనడానికి నోరు రాలేదు. సృజన పక్కనే నిలబడి, ఏమంటాడా అని చూస్తోంది.

"బాగున్నరా... అత్తా" అన్నాడు.

సత్తమ్మ అతన్ని కింది నుంచి మీదికి ఒకసారి, కూతుర్ని మీది నుంచి కిందికి ఒకసారి చూసింది. "బాగున్న. కాళ్ళు కడుక్కో" అని నీళ్ళ చెంబు అందించింది. సృజన చున్నీతో నోరు మూసుకుని లోపలికి పారిపోయింది.

ఫోటోల మాట ఎత్తగానే సత్తమ్మ ఏమీ దాచలేదు.

"మీ బాపు మస్కట్‌ల ఉన్నడు గదా. పుస్తకం పంపుదామంటె పోయేటోళ్ళు ఎవలు లేకపాయె. ఒక్కొక్క పేజీ ఫోటో తీసి పంపిన. నూట పన్నెండు పేజీలు, మూడు దినాలు పట్టింది. ఆయనకు చదువుడు కష్టమాయె. రూముల పరశురాములు చదువుతుంటె పన్నెండు మంది విన్నరట. అంత అయినంక తనే ఫోన్ చేసి నీకు చెప్తనన్నడు. గందుకే నీకు చెప్పలే."

"ఆ రూమోళ్ళు ఇంకెవలికన్న పంపిన్రా?"

"పంపరా మరి? వాళ్ళ వాళ్ళ ఇండ్లకు పంపిన్రు. మంచిగున్నది పంచుకోరా?" సత్తమ్మ అప్పుడు కూతురి ముఖం చూసి ఆగింది. "ఏమైంది? నేనేమన్న తప్పు చేసిన్నా?"

ఆ ఫోటోలు ఇల్లిల్లూ దాటి ఏ దొంగ చేతికి చిక్కాయో ఎవరికీ తెలియదు. వాడు పడిన శ్రమల్లా వాటిని ఒక కట్ట చేసి, ఒంటె బొమ్మ అతికించి, అమ్మకానికి పెట్టడమే. సృజన తల్లి పక్కన కూర్చుని ఆ బొటనవేలిని పట్టుకుంది.

"నువ్వు బాపుకు పంపినవ్. అమ్ముకున్నది వాడు. నీ తప్పేం లేదవ్వా. నీ వేలుతోనే వాణ్ణి పట్టిస్త."

ఆ సాయంత్రమే ఫిర్యాదు పంపారు. అంతా ఇంగ్లీషు ఫారం. భాను నింపాడు, సృజన ప్రతి మాటకీ అర్థం అడిగి అడిగి నింపించింది.

గంటలో జవాబొచ్చింది. మీరే రచయిత అని నిర్ధారించలేకపోయాం.

రెండోసారి పంపారు. నాలుగు రోజులకి జవాబు. అమ్మకందారు మాట ప్రకారం ఇవి జానపద కథలు, ఎవరి సొత్తూ కావు.

ఆ మెయిల్ చదివిన రోజు సృజన బడిలో పాఠం చెప్పలేకపోయింది. ప్రైవేటు బడి, సెలవడిగితే జీతం కోత. ఇంటర్వెల్‌లో చెట్టు కింద నిలబడి భానుకి ఫోన్ చేసింది.

"జానపదమట! పోశవ్వ చిన్నమ్మ కన్నీళ్ళు జానపదమట!"

"ఏడుస్తున్నవా?"

"లే. కోపం." ఇద్దరి మధ్యా 'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియదు.

"మంచిది. కోపమే ఉంచుకో, పనికొస్తది. నీ రాతప్రతి ఉన్నదా?"

"ఉన్నది."

"ప్రూఫులు నా దగ్గరున్నయి. మూడు సెట్లు."

"పారెయ్యలేదా? ఏడాదాయె గదా!"

"పారెయ్య బుద్ధి కాలే" అన్నాడు భాను. సృజన ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. గంట కొట్టినా వినిపించుకోలేదు.

మూడోసారి ఫిర్యాదు కాదు, మూటే పంపారు. కొట్టివేతలతో సహా రాతప్రతి. పెన్సిలూ ఎర్ర పెన్నూ పోట్లాడుకున్న ప్రూఫులు, మేకతో సహా. సదానందం సార్ సంతకంతో ఉత్తరం. సత్తమ్మ ఫోన్‌లో నూట పన్నెండు ఫోటోలు, తీసిన తేదీలతో. వాటి పక్కన దొంగ పుస్తకం పేజీలు. నలభై ఏడో పేజీలో అదే వేలు, అదే చుక్క.

మస్కట్ నుంచి బాపు లచ్చయ్య వీడియో కాల్ చేశాడు. సంగతి తెలిసినప్పటి నుంచి ఆయనకి తిండి సహించడం లేదు.

"బిడ్డా, నేను ఆగలేకపోతి. మా పిల్ల రాసిందని అందరికి చూపిచ్చుకుంటి. నా వల్లనే గిట్లాయె."

"బాపూ, నువ్వు చూపిచ్చుకున్నందుకే నాకు సాక్షులున్నరు. నీ రూమోళ్ళను సంతకాలు పెట్టమను."

పన్నెండు మంది పెట్టారు. 'ఈ పుస్తకం మా లచ్చయ్య కూతురు సృజన రాసింది, మేము ఫలానా తేదీన విన్నాము' అని పరశురాములు తెలుగులో రాసి, కింద అందరూ సంతకాలు చేసి, ఫోటో పంపారు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చుతూ భాను రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. ఫోన్ పెట్టేముందు లచ్చయ్య తెర అంచున కనిపిస్తున్న అతన్ని చూశాడు.

"గా పిలగాడెవలే?"

"డీటీపీ బాపూ" అంది సృజన.

"డీటీపీకి రోజు కరీంనగర్ నుంచి మంథని రావాల్నా?"

లచ్చయ్య నవ్వాడు. "రానియ్యి. మంచి పనికే వస్తుండు" అని ఫోన్ పెట్టేశాడు.

మూట పంపిన తొమ్మిదో రోజు ఆ పేజీ పోయింది. ఒంటె, ఖర్జూరపు చెట్టు, అన్నోన్, అన్నీ పోయాయి. 'ఈ వస్తువు అందుబాటులో లేదు' అన్న ఒక్క వాక్యం మిగిలింది. సృజన దాన్ని నాలుగుసార్లు చదివింది.

వారం తిరక్కముందే ఇంకో స్టోరులో మొలిచింది. ఈసారి అట్ట మీద ఓడ.

"వీళ్ళు మళ్ళ మళ్ళ పెడుతనే ఉంటరు" అన్నాడు భాను, దిగులుగా.

"మళ్ళ మళ్ళ తీపిస్త. వాడు అలిసిపోవాలె, నేను గాదు. మూట తయారుగనే ఉన్నది గదా."

అదీ పోయింది, ఐదు రోజుల్లో. అప్పుడు సృజన పోశవ్వ ఇంటికి వెళ్ళింది. వాకిట్లో నిలబడి, వినిపించేలా చెప్పింది.

"చిన్నమ్మా, పేరు నేను తీసుకోలే, దొంగ తీసిండు. తీపిచ్చిన. నా పేరుతోనే ఫోన్లకు మళ్ళ తెస్తున్న. ఎవలన్న నిన్నొక మాటంటె నన్ను పిలువు. జవాబు నేను చెప్త."

పోశవ్వ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. చివరికి పీట జరిపింది.

"కూసో. ఇంకొకటి ఉన్నది, అప్పుడు నీకు చెప్పలే" అంది. సృజన కూర్చుని పొద్దు వాలేదాకా విన్నది.

ఇక అసలు పుస్తకం. ఆదివారం మధ్యాహ్నం, సత్తమ్మ ఇంట్లో, భాను లాప్‌టాప్ ముందు ఇద్దరూ. అతను ఈబుక్ మొత్తం తయారు చేసి తెచ్చాడు. ఒంటెలూ లేవు, ఓడలూ లేవు, అట్ట మీద మడత పెట్టిన దుప్పటి మాత్రమే. స్టోరు ఫారం తెరిచి లాప్‌టాప్‌ని సృజన వైపు తిప్పాడు.

"ఇది నువ్వే కొట్టాలె."

రచయిత పేరు అన్న గడి. దాని కింద ఎర్ర అక్షరాల్లో, ఒకసారి ప్రచురించాక ఈ పేరు మార్చడం కుదరదు.

సృజన వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమైంది?" అన్నాడు భాను.

"పుస్తకం మీద బొల్లం సృజన అని ఉన్నది. రేపు లగ్గమైతె ఇంటిపేరు మారుతది గదా. మా అక్కలందరికి మారింది. ఇక్కడ మార్చరాదంటుండు."

"మార్చకు."

"అంటె?"

"ఈ నెల రోజులు కొట్లాడింది ఎవల పేరు కోసం? ఆ ఆడోళ్ళు నమ్మింది బొల్లం సృజనను. లగ్గమైనంక గూడ అదే ఉండాలె. ఎవలన్న మార్చుమంటె నేనొప్పుకోను."

"నువ్వెవలు ఒప్పుకోకపోవుడానికి?" ఆమె ముక్కు ఎర్రబడింది. కోపం మాత్రం కాదు. "లగ్గం ఎవలితోని అనుకుంటున్నవ్?"

"గది ఫారంల అడుగలే."

"నేను అడుగుతున్న."

వందల పెళ్ళిపత్రికలు చేసిన మనిషి ఆ క్షణాన లాప్‌టాప్ మూత వైపు, గోడ వైపు, వంటింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ సత్తమ్మ చేట పట్టుకుని ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఏమో. ఆమె అతని వైపు చూసి, చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"నాతోని" అన్నాడు భాను. "నీ రాత చదివే ఇష్టపడ్డ, నిన్ను చూడకముందే. నీ పేరు నీకే ఉండనీ. నాకు నువ్వుంటె చాలు."

సృజన తెర వైపు తిరిగి, ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ, బొల్లం సృజన అని కొట్టింది. తప్పుల కోసం రెండుసార్లు సరిచూసింది. ప్రచురించు అన్న బటన్ నొక్కింది.

"అయిపోయింది. ఇగ మార్చరాదు."

"పేరా?"

"నీకిచ్చే మాట గూడ" అంది సృజన.